100జీ, 400జీ ఫైబర్ లింకు వేసే పద్ధతి: డేటా సెంటర్‌లో 500 మీటర్ల లోపు పని

ఓఎం4 అనే మల్టీమోడ్ ఫైబర్ (వెలుగు చాలా దారుల్లో నడిచే రకం) 100 మీటర్లు వేస్తే దానిలో వెలుగు తగ్గేది దాదాపు 0.3 డీబీ (డెసిబెల్, నష్టానికి కొలత). 100జీ ఎస్‌ఆర్4 లింకుకు (సెకనుకు 100 గిగాబిట్లను నాలుగు లేన్లుగా, అంటే నాలుగు సమాంతర ప్రవాహాలుగా, పంపే మల్టీమోడ్ రకం) అనుమతించిన మొత్తం నష్టం, అంటే బడ్జెట్, 1.9 డీబీ. అంటే తీగ తినేది ఆరో వంతు, మిగతాదంతా కనెక్టర్ల దగ్గరే ఖర్చవుతుంది. పదుల కిలోమీటర్ల టెలికాం లైన్ల మీద పనిచేసి వచ్చినవారికి ఇది మొదట్లో మింగుడుపడదు. అక్కడ ఒక కనెక్టర్‌లో అర డీబీ పోయినా లింకు నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ అదే అర డీబీ బడ్జెట్‌లో నాలుగో వంతు కంటే ఎక్కువ. కాబట్టి ఈ పనిలో శ్రద్ధంతా కేబుల్ చివరల మీదే పెట్టాలి. పొడవు గురించి పడే హైరానాలో సగం అనవసరం.

ఏ దూరానికి ఏది కొనాలి

ఒకే ర్యాక్‌లో సర్వర్ నుంచి స్విచ్‌కి, అంటే 2–3 మీటర్ల లోపు అయితే ఫైబర్ జోలికి పోవద్దు. డీఏసీ రాగి కేబుల్ చాలు. ధర తక్కువ, కరెంటు దాదాపు తినదు, తుడవాల్సిన ముఖమే (కనెక్టర్‌లో ఫైబర్ కొసే) ఉండదు. 400జీకి వచ్చేసరికి డీఏసీ లావుగా ఉంటుంది. 32 పోర్టులూ దానితోనే నింపితే ర్యాక్ వెనక గాలి పోయే దారి మూసుకుపోతుంది, అదొక్కటి చూసుకోవాలి. పక్క ర్యాకుల వరకు ఏఓసీ అనే ఫైబర్ కేబుల్ వాడొచ్చు. రెండు చివరలా మాడ్యూళ్లు (పోర్టులో దూరి వెలుగును పంపి, అందుకునేవి) బిగించే వస్తుంది కనుక దుమ్ము బాధ లేదు. కానీ ప్యాచ్ ప్యానెల్ (కేబుళ్లను కలిపే పలక) గుండా పోదు, ఒక చివర చెడితే మొత్తం కేబుల్ పీకాల్సిందే. అందుకే వరుస దాటి పోయే చోట ఏఓసీ వేయడం మాకు ఇష్టం ఉండదు.

ఆపైన రెండు దారులున్నాయి. మొదటిది 850 నానోమీటర్ల విక్సెల్ లేజర్లతో మల్టీమోడ్. దూరాలు ప్రమాణాల్లో స్పష్టంగా ఉన్నాయి: 25జీ ఎస్‌ఆర్, 100జీ ఎస్‌ఆర్4, 400జీ ఎస్‌ఆర్8 మూడింటికీ ఓఎం3 మీద 70 మీటర్లు, ఓఎం4 మీద 100 మీటర్లు. ఒక్కో లేన్‌లో 100జీ పంపే కొత్త రకాల్లో 400జీ వీఆర్4కి ఓఎం3 మీద 30, ఓఎం4 మీద 50 మీటర్లే. 400జీ ఎస్‌ఆర్4 మాత్రం వాటి మీద వరుసగా 60, 100 మీటర్లు పోతుంది. పాత 10జీ ఎస్‌ఆర్ ఓఎం4 మీద 400 మీటర్లు పోయేది కదా అని అదే ట్రంక్ (ప్యానెల్ నుంచి ప్యానెల్‌కి వేసిన పెద్ద కేబుల్) మీద 100జీ ఎక్కించేవాళ్లు ముందు పొడవు కొలుచుకోవాలి. 250 మీటర్ల మల్టీమోడ్ ట్రంక్ ఎంత శుభ్రంగా తుడిచినా 100జీ ఎస్‌ఆర్4కి పనికిరాదు. అక్కడ అడ్డుపడేది వెలుగు తగ్గడం కాదు, ఫైబర్ బ్యాండ్‌విడ్త్. రకరకాల దారుల్లో వచ్చిన వెలుగు వేరువేరు సమయాల్లో చేరి, ఒక బిట్ అంచు పక్క బిట్ మీద పడుతుంది.

రెండోది 1310 నానోమీటర్ల ప్రాంతంలో పనిచేసే సింగిల్‌మోడ్ (వెలుగు ఒకే దారిలో నడిచే రకం). 400జీ డీఆర్4 ఎనిమిది ఫైబర్ల మీద 500 మీటర్లు, 3 డీబీ బడ్జెట్. 400జీ ఎఫ్‌ఆర్4 నాలుగు తరంగదైర్ఘ్యాలను ఒకే జత ఫైబర్ మీద కలిపి 2 కిలోమీటర్లు, 4 డీబీ. కొత్త భవనంలో ట్రంక్ వేస్తుంటే సింగిల్‌మోడ్ ఓఎస్2 వేయండి. మాడ్యూల్‌కి కొంచెం ఎక్కువ పెట్టాల్సి వచ్చినా, వేగం మారిన ప్రతిసారీ సీలింగ్ పైనున్న కేబుల్ మార్చనక్కర్లేదు. మల్టీమోడ్‌ను ఒకే వరుస లోపల, 50 మీటర్ల లోపు ఉంచుకుంటే చాలు.

కేబుల్ రంగు చూసి కొంత గుర్తుపట్టవచ్చు: సింగిల్‌మోడ్ పసుపు, ఓఎం3 నీలాకుపచ్చ, ఓఎం4 అదే రంగు లేదా వంకాయ ఛాయ, ఓఎం5 నిమ్మపచ్చ, పాత ఓఎం1, ఓఎం2 నారింజ. రంగును మాత్రమే నమ్మకండి. తొడుగు మీద అచ్చేసిన అక్షరాలు చదవండి.

పేరు కలిసినా లింకు కలవదు

రెండు చివరల మాడ్యూళ్ల మీదా 100జీ అని ఉంటే చాలదు. నాలుగు విషయాలు సరిపోవాలి: తరంగదైర్ఘ్యం, లేన్ల సంఖ్య, లేన్ వేగంతోపాటు మాడ్యులేషన్ (వెలుగు మీద బిట్లు ఎక్కించే తీరు), ఫెక్ (అందుకునే వైపు తప్పులు దిద్దే పద్ధతి).

తరచూ జరిగే పొరపాటు బ్రేకవుట్‌లో. 400జీ డీఆర్4 పోర్టును నాలుగు 100జీ పోర్టులుగా విడగొట్టి, అవతలి వైపు స్టోర్‌లో మిగిలిన 100జీ పీఎస్‌ఎం4 లేదా సీడబ్ల్యూడీఎం4 మాడ్యూల్ పెడతారు. డీఆర్4 ఒక్కో లేన్‌లో 100జీని పామ్4 (నాలుగు వెలుగు మెట్ల) పద్ధతిలో పంపుతుంది. పీఎస్‌ఎం4, సీడబ్ల్యూడీఎం4 రెండూ 25జీ చొప్పున నాలుగు లేన్లు, ఎన్‌ఆర్‌జెడ్ (రెండు మెట్ల) పద్ధతి. మీటర్‌లో వెలుగు కనిపిస్తుంది, పోర్టు మాత్రం ఎప్పటికీ పైకి రాదు, అంటే లింకు మొదలవదు. అవతల ఉండాల్సింది ఒకే లేన్ ఉన్న 100జీ డీఆర్. అలాగే ఎఫ్‌ఆర్4ను ఫైబర్ విడదీసి నాలుగు ముక్కలు చేయలేం, ఎందుకంటే నాలుగు లేన్లూ ఒకే ఫైబర్‌లో ఉంటాయి. 100జీ ఎస్‌ఆర్4ని మాత్రం నాలుగు 25జీ ఎస్‌ఆర్‌లుగా హాయిగా విడదీయవచ్చు. మల్టీమోడ్‌లో 100జీ బైడీ (ఒకే ఫైబర్‌లో రెండు దిక్కులా పంపేది), ఎస్‌ఆర్4 రెండూ ఓఎం4 మీద 100 మీటర్లు పోతాయి. కానీ ఒకటి ఎల్‌సీ (ఒక్కో ఫైబర్‌కి ఒక్కో ప్లగ్) జత, ఇంకొకటి ఎంపీఓ (ఒకే ప్లగ్‌లో చాలా ఫైబర్లు). వాటి మధ్య పొత్తు కుదరదు.

ఏఐ క్లస్టర్ల 800జీ, 400జీ పనిలో మాడ్యూల్ ఆకారమూ చూడాలి. ఓఎస్‌ఎఫ్‌పీ, క్యూఎస్‌ఎఫ్‌పీ-డీడీ ఒకదాని పోర్టులో ఇంకొకటి దూరవు. ఓఎస్‌ఎఫ్‌పీలోనే రెక్కలున్న పైభాగంతో వచ్చేవి గాలితో చల్లబరిచే స్విచ్‌లకు. చదును పైభాగంవి నెట్‌వర్క్ కార్డులకు, అక్కడ హీట్‌సింక్ కార్డు మీదే ఉంటుంది. ఆర్డర్‌లో వేగం, దూరం రాసి ఈ ఒక్క ముక్క మరిచిపోతే పెట్టెలు తెరిచాక తెలుస్తుంది.

కాగితం మీద బడ్జెట్

కేబుల్ కొనకముందే లెక్క వేయాలి. మాడ్యూల్‌లోకి దూరే రెండు చివరలనూ లెక్కలోకి తీసుకోరు. మధ్యలో కనెక్టర్ కనెక్టర్‌తో కలిసే ప్రతి జతనూ లెక్కించాలి.

ఉదాహరణకు 80 మీటర్ల ఓఎం4 మీద 100జీ ఎస్‌ఆర్4. ఒక వైపు ప్యాచ్ కార్డ్ (మాడ్యూల్‌ను ప్యానెల్‌కి కలిపే చిన్న కేబుల్), ప్యానెల్, ట్రంక్, అవతలి ప్యానెల్, ప్యాచ్ కార్డ్. జతలు రెండు. ప్రమాణం ఒక జతకు గరిష్ఠంగా 0.75 డీబీ ఒప్పుకుంటుంది, కనుక 1.5. ఫైబర్‌కి కిలోమీటరుకు 3 డీబీ చొప్పున 0.24. మొత్తం 1.74, బడ్జెట్ 1.9. గట్టెక్కింది.

ఇప్పుడు మధ్యలో ఒక క్రాస్‌కనెక్ట్ (దారిని మరో రెండు ప్యానెళ్ల గుండా తిప్పడం) పెట్టమని ఎవరో అడిగారనుకోండి. జతలు నాలుగు అవుతాయి. 0.75 చొప్పున 3 డీబీ, ఇక బడ్జెట్ మాటే లేదు. అదే జతకు 0.35 డీబీకి మించని లోలాస్ (తక్కువ నష్టపు) ఎంపీఓ కొంటే 1.4, ఫైబర్‌తో కలిపి 1.64. నడుస్తుంది. డీఆర్4లోనూ ఇదే కథ: 300 మీటర్లకు ఫైబర్ నష్టం 0.12 మాత్రమే, కానీ మామూలు ఎంపీఓ జతలు నాలుగు పెడితే 3.12 అయి 3 డీబీ గీత దాటిపోతుంది. లోలాస్ కనెక్టర్ల ధర చూసి వెనకాడేవారికి చూపించాల్సింది ఈ రెండు కూడికలే.

ఎంపీఓ: పిన్ను, కీ, కోణం, పొలారిటీ

సమాంతర లింకుల్లో మొదటి రోజు కష్టాల్లో పెద్ద వాటా దీనిదే.

పిన్నులు. ఎంపీఓ జతలో ఒక వైపు రెండు లోహపు గైడ్ పిన్నులు, రెండో వైపు రంధ్రాలు ఉండాలి. మాడ్యూల్ లోపల ఎప్పుడూ పిన్నులుంటాయి, కాబట్టి అందులో పెట్టే ప్యాచ్ కార్డ్ పిన్నులు లేనిదై ఉండాలి. ప్యాచ్ కార్డులు రెండు చివరలా పిన్నులు లేనివి, ట్రంకులు రెండు చివరలా పిన్నులున్నవి తీసుకోవడం తేలికైన ఏర్పాటు. పిన్నులు లేని రెండిటిని అడాప్టర్‌లో (రెండు ప్లగ్గులను కలిపే సాకెట్) కలిపితే క్లిక్‌మని కూర్చుంటాయి గానీ ఫైబర్లు ఎదురెదురుగా నిలవవు. నష్టం ఎక్కువ, పైగా కేబుల్ కదిలినప్పుడల్లా మారుతుంది. పిన్నులున్న రెండిటిని బలవంతంగా నొక్కితే ఫెరూల్ (ఫైబర్ కొసలను పట్టి ఉంచే ముక్క) చెడుతుంది.

కోణం. 100జీ ఎస్‌ఆర్4 ముఖం చదును. 400జీ డీఆర్4, ఎస్‌ఆర్8, వీఆర్4 ముఖాలు 8 డిగ్రీల వాలుతో వచ్చే ఏపీసీ. మోసం ఎక్కడంటే, వీఆర్4 కూడా 12 ఫైబర్ల మల్టీమోడ్ ఎంపీఓనే, కేబుల్ రంగూ పాత ఎస్‌ఆర్4 కేబుల్‌లాగే ఉంటుంది. స్టోర్‌లోని చదును కార్డ్ అందులో చక్కగా దూరుతుంది. ముఖాల మధ్య గాలి సందు మిగిలి వెలుగు పోతుంది, ప్రతిఫలనం పెరుగుతుంది. రెండు రకాలనూ ఒకే పెట్టెలో ఉంచకండి. ఎస్‌ఆర్8 వాడే 16 ఫైబర్ల ఎంపీఓకి కీ (ప్లగ్ మీది గట్టు) పక్కకి జరిగి ఉంటుంది, కనుక అక్కడ ఈ పొరపాటు చేద్దామన్నా కుదరదు.

పొలారిటీ. ఎస్‌ఆర్4, డీఆర్4 రెండింటిలోనూ పంపే లేన్లు 1 నుంచి 4 స్థానాల్లో, అందుకునేవి 9 నుంచి 12లో. నడుమ నాలుగూ ఖాళీ. ఒక చివర 1వ స్థానం అవతల 12వ స్థానానికి చేరితేనే పంపేది అందుకునేదాన్ని కలుస్తుంది. టైప్ బీ కేబుల్ ఈ తిరగేత చేస్తుంది. టైప్ ఏ కేబుల్ 1ని 1కే చేరుస్తుంది. టైప్ సీ పక్కపక్క జతలను మారుస్తుంది. అది పాత ఎల్‌సీ కేసెట్ల (ఎంపీఓని ఎల్‌సీలుగా విడదీసే పెట్టెల) కోసం, సమాంతర లింకుల దరిదాపుల్లోకి తేవద్దు.

అడాప్టర్లు కూడా రెండు రకాలు. రెండు ప్లగ్గుల కీలూ ఒకే దిక్కున ఉండేది ఇంకో తిరగేత చేస్తుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండేది చేయదు. గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే: దారిలో ఉన్న టైప్ బీ కేబుళ్లను, కీలు ఒకే దిక్కున ఉండే అడాప్టర్లను కలిపి లెక్కపెట్టండి. బేసి సంఖ్య వస్తే లింకు వస్తుంది, సరి సంఖ్య వస్తే పంపే లేన్ ఎదురుగా పంపే లేనే నిలుస్తుంది. మూడూ టైప్ బీ కేబుళ్లు, రెండూ ఒకే రకం అడాప్టర్లు అయితే ఏ రకమైనా బేసే వస్తుంది. టైప్ ఏ ట్రంక్ ఇదివరకే వేసి ఉంటే, పైకి–కిందికి అడాప్టర్లతో ఒక వైపు ఏ, ఇంకో వైపు బీ కార్డ్ పెట్టాలి. రెండు వైపులా బీ కార్డులు పెడితే సరి సంఖ్య అవుతుంది.

ఏపీసీలో అడాప్టర్ ఎంచుకునే స్వేచ్ఛ లేదు. వాలు ముఖాలు ఒకదానికొకటి అతకాలంటే కీ పైకి–కిందికి ఉండే అడాప్టరే వాడాలి. ఒకే దిక్కు అడాప్టర్‌లో రెండు వాలులూ ఎదురుబొదురై మధ్యలో సందు మిగులుతుంది.

కేబుల్ లాగేటప్పుడు

వంపు వ్యాసార్థం లాగేటప్పుడు కేబుల్ మందానికి 20 రెట్లు, స్థిరపడ్డాక 10 రెట్లకు తగ్గకూడదు. 3 మిల్లీమీటర్ల కార్డ్‌కి 30 మిల్లీమీటర్లన్నమాట. వంపు తట్టుకునే రకం ఫైబర్ ఇంకా తక్కువ వ్యాసార్థాన్ని ఓర్చుకుంటుంది, కానీ ప్యానెల్ వెనక ఏ కార్డ్ ఏ రకమో ఎవరూ గుర్తుపెట్టుకోరు కనుక ఒకే నియమం పాటించడం మేలు. ప్లాస్టిక్ జిప్ టైలు వద్దు, వెల్క్రో పట్టీలు వాడండి. పట్టీ కింద కేబుల్ వేలితో జరగాలి. ట్రంక్‌ను లాగుడు తొడుగు పట్టుకునే లాగాలి, ఎంపీఓ తలను పట్టుకుని కాదు. లేబుల్ రెండు చివరలా వేయండి. దాని మీద ర్యాక్, ప్యానెల్, పోర్టుతో పాటు కేబుల్ టైప్, పిన్నుల సంగతి కూడా రాస్తే రెండేళ్ల తర్వాత వచ్చేవాడు మిమ్మల్ని తిట్టుకోడు.

తుడవడం

సింగిల్‌మోడ్ ఫైబర్‌లో వెలుగు నడిచే భాగం దాదాపు 9 మైక్రాన్లు, మల్టీమోడ్‌లో 50. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. కంటికి కనపడని దుమ్ము కణం ఒక్కటి సింగిల్‌మోడ్ దారిని మూసేయడానికి సరిపోతుంది. రెండు ముఖాల మధ్య నలిగిన రాతి రేణువు గాజు మీద గుంట చేస్తుంది, ఆ మచ్చ ఎంత తుడిచినా పోదు. మన దగ్గర జిప్సం సీలింగ్ పని ముగియకముందే కేబులింగ్ మొదలుపెట్టించడం మామూలే. ఆ దుమ్ము స్థిరపడి, గది ఊడ్చేవరకు ఏ మూతా తీయకండి.

వరుస ఇది: ముందు స్కోప్‌తో (ముఖాన్ని పెద్దదిగా చూపే పరికరం) చూడాలి, మురికి ఉంటే తుడవాలి, మళ్లీ చూడాలి, బాగుంటేనే పెట్టాలి. కొత్త సంచిలోంచి తీసిన కార్డ్‌కి కూడా మినహాయింపు లేదు. డస్ట్ క్యాప్ దుమ్మును ఆపుతుందన్నది సగం నిజం. ఆ ప్లాస్టిక్ లోపలి మురికే చాలాసార్లు ముఖానికి అంటుకుంటుంది.

మొదట పొడి పద్ధతిలో తుడవాలి: క్లిక్ పెన్ (నొక్కితే తుడిచే రిబ్బన్ తిరిగే సాధనం). ఎల్‌సీకి 1.25 మిల్లీమీటర్లది, ఎంపీఓకి వెడల్పు రిబ్బన్‌ది విడిగా ఉంటుంది. పొడిగా రెండుసార్లు తుడిచినా మరక పోకపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ మీద ఒకసారి, వెంటనే పొడి భాగం మీద ఒకసారి ఒకే దిక్కుగా లాగాలి. తడి అలాగే ఆరిపోతే దాని మరక కొత్తగా మిగులుతుంది. ఎంపీఓలో పిన్నుల మొదట్లో పేరుకున్న మురికి పెన్‌కి అందదు, పైగా ముఖాలు దగ్గరకు రాకుండా ఆపుతుంది. కొసన మెత్తటి స్వాబ్ వాడాలి. నోటితో ఊదకండి, తేమ అంటుకుంటుంది. చొక్కా అంచుతో తుడిచేవారికి చెప్పేదేమీ లేదు.

మగ ముఖం తుడిచి ఆడ ముఖం వదిలేస్తే పని జరిగినట్టు కాదు. ప్యానెల్ అడాప్టర్ లోపలున్న ముఖాన్నీ, మాడ్యూల్ లోపలి ముఖాన్నీ కూడా అదే పెన్‌తో తుడవాలి. ముఖం బాగుందో లేదో తేల్చడానికి ఐఈసీ 61300-3-35 ప్రమాణం ఉంది. మంచి వీడియో స్కోప్ దాని ప్రకారం పాస్, ఫెయిల్ చెప్పేస్తుంది. వీడియో స్కోప్ లేకుండా నేరుగా కంటితో చూసే భూతద్దం వాడొద్దు. 1310 నానోమీటర్ల వెలుగు కంటికి కనపడదు, ఉందో లేదో తెలియకుండానే లెన్స్ దాన్ని కంట్లోకి కేంద్రీకరిస్తుంది.

కొలవడం

మాడ్యూల్ పెట్టకముందే ట్రంకును వెలుగు మూలం, పవర్ మీటర్లతో కొలిచి కాగితం మీద ఉంచుకోవాలి. ఒక కార్డ్‌తో రెఫరెన్స్ (పోల్చడానికి సున్నా కొలత) తీసుకునే పద్ధతి పాటించండి. రెండు కార్డుల రెఫరెన్స్ తీసుకుంటే వాటి మధ్య జత నష్టం లెక్కలోంచి తప్పుకుని, ఫలితం ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. రెఫరెన్స్ తీసుకున్నాక మూలం వైపు కార్డ్ కదపకూడదు. మల్టీమోడ్‌కి 850 నానోమీటర్ల దగ్గర, ఎన్‌సర్కిల్డ్ ఫ్లక్స్ నియమానికి (ఫైబర్‌లో వెలుగు ఎలా పరచుకోవాలో చెప్పేది) సరిపడే మూలంతో కొలవాలి, లేకపోతే ఒక మీటర్‌కీ ఇంకో మీటర్‌కీ పొంతన ఉండదు. సింగిల్‌మోడ్‌ను 1310, 1550 రెండింటి దగ్గరా కొలవండి. 1550లో మాత్రమే నష్టం ఎక్కువగా వస్తే ఎక్కడో కేబుల్ గట్టిగా వంగింది.

ఓటీడీఆర్‌ను (వెలుగు పల్స్ పంపి, తిరిగొచ్చేదాన్ని బట్టి చూపే పరికరం) ఇంత చిన్న లింకులకు అలాగే తగిలిస్తే మొదటి కనెక్టర్ దాని డెడ్‌జోన్‌లో (అది చూడలేని దగ్గరి భాగం) మునిగిపోతుంది. ముందు, వెనక 100 మీటర్లకు తగ్గని లాంచ్ కార్డులు కలిపి, అతి చిన్న పల్స్‌తో చూడాలి. బడ్జెట్ తేల్చేది పవర్ మీటరే. ఏ జత దగ్గర నష్టం ఉందో చెప్పేది ఓటీడీఆర్.

లింకు లేపడం

మాడ్యూల్‌ను లాచ్ పడేదాకా నెట్టండి, తర్వాతే కేబుల్ పెట్టండి. పోర్టు వేగం, బ్రేకవుట్ విధానం, ఫెక్ రెండు వైపులా ఒకటే ఉండాలి. 100జీ ఎస్‌ఆర్4కి, సీడబ్ల్యూడీఎం4కి ఆర్‌ఎస్ రకం ఫెక్ కావాలి. 100జీ ఎల్‌ఆర్4కి (ఎక్కువ దూరపు సింగిల్‌మోడ్ రకం) ఫెక్ ఉండదు. 400జీలో ఫెక్ ఎప్పుడూ ఉండాల్సిందే, దాన్ని ఆపే మాటే లేదు. ఒక వైపు ఫెక్ ఉండి ఇంకో వైపు లేకపోతే, వెలుగు బ్రహ్మాండంగా ఉన్నా పోర్టు కిందే ఉంటుంది. వేరువేరు కంపెనీల స్విచ్‌లు కలిసే చోట ముందు చూడాల్సింది ఇదే.

తర్వాత స్విచ్‌లో ట్రాన్స్‌సీవర్ (మాడ్యూల్) వివరాలు తెరవండి. లినక్స్ సర్వర్ అయితే ఈథ్‌టూల్ కమాండ్ చూపిస్తుంది. నాలుగు లేన్ల అందుకునే శక్తీ విడివిడిగా చదవాలి. 100జీ ఎస్‌ఆర్4కి ప్రమాణం ఒప్పుకునే పరిధి లేన్‌కి మైనస్ 10.3 నుంచి ప్లస్ 2.4 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన శక్తి). 400జీ డీఆర్4కి మైనస్ 5.9 నుంచి ప్లస్ 4. అవతలి పంపే శక్తిలోంచి ఇవతల అందే శక్తి తీసేస్తే లింకు నష్టం వస్తుంది, అది మీరు కాగితం మీద వేసిన అంకె దగ్గర ఉండాలి. అయితే మాడ్యూల్ లోపలి కొలతలో ఒకటి రెండు డీబీ తేడా ఉండవచ్చు. కాబట్టి ఒక్కో అంకెను పట్టుకుని వాదించడం కంటే నాలుగు లేన్లను పక్కపక్కన పెట్టి చూడటం ఉపయోగం.

మూడు లేన్లు మైనస్ 1 దగ్గర, ఒకటి మైనస్ 5 దగ్గర ఉంటే ఆ ఒక్క ఫైబర్ ముఖం మురికి. నాలుగూ సమానంగా తక్కువైతే కనెక్టర్ పూర్తిగా కూర్చోలేదు, లేదా చదును–ఏపీసీ కలిశాయి, లేదా కేబుల్ ఎక్కడో నలిగింది. నాలుగూ మైనస్ 30, మైనస్ 40 చూపిస్తే అక్కడ వెలుగే లేదు: పొలారిటీ, తప్పు పోర్టు, అవతల పోర్టు మూసి ఉండటం. ఎల్‌సీ జతలో ఒక వైపు వెలుగు బాగుండి ఇంకో వైపు 15 డీబీకి మించి పడిపోతే, సింగిల్‌మోడ్ దారిలో ఎవరో మల్టీమోడ్ కార్డ్ పెట్టారేమో చూడండి. 9 మైక్రాన్ల నుంచి 50లోకి వెలుగు సులువుగా పోతుంది, 50 నుంచి 9లోకి దాదాపు రాదు. ఒక దిక్కు ఒక అతుకు దగ్గర, ఇంకో దిక్కు ఇంకో అతుకు దగ్గర దెబ్బతింటే రెండు వైపులా కూడా ఇదే కనిపించవచ్చు.

పామ్4 లింకుల్లో పోర్టు పచ్చగా వెలిగితే పని అయిపోయినట్టు కాదు. ఎన్‌ఆర్‌జెడ్‌లో రెండు మెట్లుండే చోట పామ్4లో నాలుగు మెట్లు ఇమడాలి, ఒక్కో మెట్టు ఎత్తు మూడో వంతుకు పడిపోతుంది. అందుకే తప్పులు రావడం ఇక్కడ సహజం, వాటిని సరిచేయడానికే ఫెక్ ఉంది. 400జీ ఫెక్ 544 సింబళ్ల ఒక్కో మూటలో 15 సింబళ్ల వరకు దిద్దగలదు. అంతకు మించితే ఆ మూట పోయినట్టే. దిద్దిన తప్పుల లెక్క పెరుగుతూ ఉండటం చూసి కంగారు పడవద్దు. దిద్దలేని తప్పుల లెక్క మాత్రం సున్నా దగ్గరే నిలవాలి. ఫెక్‌కి ముందు తప్పుల రేటు 2.4×10⁻⁴ దాటితే లింకు నిలబడదు. 10⁻⁶ లేదా అంతకంటే మెరుగ్గా ఉన్న లింకునే అప్పగించండి. 10⁻⁵ దగ్గర ఊగేది ఇవాళ నడుస్తుంది, గది వేడెక్కిన రోజు ఫ్లాప్ అవుతుంది (పడుతూ లేస్తూ ఉంటుంది). లెక్కలన్నీ సున్నా చేసి, పూర్తి ట్రాఫిక్‌తో 24 గంటలు వదిలి, అప్పుడు మళ్లీ చదవండి.

శక్తి బాగుంది, కానీ తప్పులు ఆగడం లేదు

ఇది తల గోక్కునే రకం. డీఆర్, ఎఫ్‌ఆర్ లింకుల్లో దీనికి మామూలు కారణం ప్రతిఫలనం. రెండు మురికి ముఖాల మధ్య వెలుగు ముందుకీ వెనక్కీ తిరిగి, కొంచెం ఆలస్యంగా అసలు సంకేతంతో కలుస్తుంది. పవర్ మీటర్‌కి అది నష్టంలా కనపడదు. దారిలో యూపీసీ (వాలు లేని ముఖాల) జతలు ఎక్కువైతే, వాటిలో ఏ రెండిటి ముఖాలు గీకుకుపోయినా ఇది మొదలవుతుంది. అన్ని జతలూ స్కోప్ కింద చూడటం తప్ప దగ్గరి దారి లేదు. అవసరమైతే మధ్య ప్యానెల్‌ను తప్పించి నేరుగా ఒక కార్డ్ వేసి చూడండి. తప్పులు మాయమైతే దోషం ప్యానెల్‌లో ఉంది.

రెండో కారణం వేడి. మామూలు మాడ్యూళ్ల పైతొడుగు 70 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. 400జీ డీఆర్4 పది వాట్ల చుట్టుపక్కల తింటుంది. ఖాళీ పోర్టులకు బ్లాంకులు (మూతలు) పెట్టకపోయినా, స్విచ్ ఫ్యాన్ల గాలి దిక్కు ర్యాక్ దిక్కుకు ఎదురైనా, ఉష్ణోగ్రత అంకె పైకి పోతూ కనిపిస్తుంది.

కొన్నిసార్లు అతి దగ్గర లింకులో వెలుగు ఎక్కువై చెడిందని అటెన్యుయేటర్ (వెలుగును తగ్గించే ముక్క) కొనిపిస్తారు. ఎస్‌ఆర్4, డీఆర్4, ఎల్‌ఆర్4 మాడ్యూళ్లలో పంపే గరిష్ఠ శక్తి, అందుకోగల గరిష్ఠ శక్తి ఒకటే. ఒక మీటర్ కార్డ్‌తో నేరుగా కలిపినా ఏమీ కాదు. అటెన్యుయేటర్ అవసరం పడేది 40 కిలోమీటర్ల ఈఆర్ రకాలను దగ్గర దూరంలో వాడినప్పుడు.

దోషం ఏ వైపు ఉందో తేలకపోతే లూప్‌బ్యాక్ ప్లగ్ పెట్టండి. మాడ్యూల్ తన వెలుగును తానే అందుకుని పోర్టు పైకి వస్తే ఆ వైపు మాడ్యూల్, పోర్టు, ఫెక్ అమరిక బాగున్నట్టే. రెండు చివరలా అలా చూశాక మిగిలేది కేబుల్. మాడ్యూల్ మార్చి చూసేటప్పుడు ఒకసారికి ఒక్క వస్తువే మార్చండి. మాడ్యూల్, కార్డ్ రెండూ ఒకేసారి మార్చి లింకు వచ్చిందంటే, పాత వాటిలో ఏది పారేయాలో ఎవరికీ తెలియదు, రెండూ మళ్లీ స్టోర్‌కే చేరతాయి. తీసేసిన మాడ్యూల్‌ను చెడిపోయిందని తిప్పి పంపే ముందు దాని ముఖం తుడిచి, లూప్‌బ్యాక్‌తో ఇంకో పోర్టులో ఒకసారి చూడండి. దానికి మూత పెట్టి, ఏ పోర్టులోంచి ఏ లేన్ తక్కువగా ఉందని తీశారో చీటీ అతికించి పక్కన పెట్టండి.